బొమ్మ విమానమునకు మాసిన రంగు

మన పోదనూరుకు చేరువనున్న సూలూరు వైమానిక స్థావరమునకు 2018లో తేజస్ విమానములు వచ్చినవి. అసలు విమానము పొడవు 13.2 మీటర్లు, 72వ వంతు నమూనాలో 18 సెంటీమీటర్లే.

ముక్కలు అతికి, ఆస్తరు పూసి, పలుచని రంగు రెండు మూడు పూతలు వేయవలెను. ఆరిన పిదప మెరుగు వార్నిషు, నీటిలో నానవేసి అంటించు గుర్తులు. అటుపై అసలు విద్య: కొత్త బొమ్మను పనిచేసిన యంత్రముగా చూపుట.

బాగా పలుచన చేసిన ముదురు రంగును అతుకుల గీతలలోనికి పారించి, పైనున్నది గుడ్డతో తుడవవలెను. ప్రతి మరకకూ కారణముండవలెను. మన జంక్షనులో గూడ్సు పెట్టెమీద తుప్పు చార పైనుండి కిందికి జారును. ఎగిరే విమానముమీద నూనె చార ముందునుండి వెనుకకు సాగును. తేజస్ పైతొడుగు చాలవరకు కార్బను నారపలకలే. రంగు అరిగినచోట వెండిమెరుపు పెట్టరాదు. లోహపు నాట్ విమానమునకైతే చెల్లును.

1971 డిసెంబరు 14న శ్రీనగరులో అట్టి నాట్ నడిపి అమరుడైన పరమవీర చక్ర గ్రహీత నిర్మల్ జీత్ సింగ్ సెఖోన్ 18వ స్క్వాడ్రను వాడు. ఆ స్క్వాడ్రనే 2020లో సూలూరులో తేజస్‌తో తిరిగి నిలిచినది.

ఇట్టి విమానములను తుడిచి, పరీక్షించి పంపు చేతులెన్నో ఉన్నవి. ఒళ్లంతా మసి పూసినచో వారి శ్రమను కాదన్నట్లే. కనుక కుంచె పట్టిన పిల్లలను ముందుగా అడగండి: ఈ మరక ఎందువల్ల వచ్చినది?