ఛందోబోధనము - ధ్వనిముద్రణము
తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఆచార్యుని పూర్వరూపముగను, అంతేవాసిని ఉత్తరరూపముగను, విద్యను సంధిగను, ప్రవచనమును సంధానముగను నిరూపించినది. నేటి తరగతిలో ఆ ప్రవచనమునకు సెల్‌ఫోనును తోడు చేసికొనవచ్చును. ఛందోబోధనమే ఇందుకు తగిన తావు.

యతి సంస్కృతమున విరామస్థానము. తెలుగున ప్రధానముగా అక్షరమైత్రి. ఈ భేదము సూత్రము వల్లించినంత మాత్రమున చెవికెక్కదు. మందాక్రాంతమున వరుసగా 4, 6, 7 అక్షరములకు ఆగుట కలవాటుపడిన విద్యార్థి, ఉత్పలమాలలోను 10వ అక్షరమునకు ముందు ఆగి, పదమును నడుమ విఱుచుట కద్దు. అతని పఠనమునే ముద్రించి వినిపించినచో ఆ విఱుపు అతనికే తెలియును. ఉపాధ్యాయుడు పదిమారులు చెప్పినను ఇంత స్పష్టముగా తెలియదు.

అయితే నలుగురిలో నవ్వులపాలగుదునను జంకు కలవాడు అసలు గొంతే విప్పడు. యంత్రమా జంకును పెంచును గాని తీర్పదు. ఉపాధ్యాయుడు మొదట తన పఠనమును ముద్రించి, దోషములు పట్టుడని విద్యార్థుల చేతికిచ్చినచో, వారును తమ గొంతును నిర్భయముగా అప్పగింతురు.