ఎత్తైన కొండలపై శరీరశ్రమ

తిరుమల కొండను కాలినడకన సునాయాసముగ ఎక్కి వచ్చిన యువకుడు, కేదారనాథమున నాలుగడుగులు వేగముగ వేయుసరికి రొప్పుచు నిలిచిపోవుట కద్దు. కాళ్లు అవే, గుండె అదే. మారినది చుట్టునున్న గాలి. తిరుమల సముద్రమట్టమునకు వేయి మీటర్ల లోపు ఎత్తున నున్నది. కేదారనాథము 3,500 మీటర్లకు మించిన ఎత్తున నున్నది.

పలుచని గాలి

ఎత్తునకు పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గునని పలువురు తలంతురు. అది నిజము కాదు. సముద్రతీరమునందైనను, ఎవరెస్టు శిఖరముపైనైనను గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లే. తగ్గునది గాలి ఒత్తిడి. సముద్రతీరమున ఈ ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసముతో తులతూగును. కేదారనాథమంత ఎత్తున అది సుమారు మూడింట రెండు వంతులకు, ఎవరెస్టుపై మూడవ వంతునకు దిగును. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును రక్తములోనికి నెట్టునది ఈ ఒత్తిడియే గదా!

శ్రమ చేయునపుడు

ఊరక కూర్చున్న మనిషికి నిమిషమునకు సుమారు పావు లీటరు ప్రాణవాయువు చాలును. నిట్టనిలువు దారి నెక్కునపుడు కండరములు దానికి పది రెట్లు కోరవచ్చును. ఈ అక్కర తీర్చుటకు గుండె వేగముగ కొట్టుకొనును; రక్తము ఊపిరితిత్తులలో పరుగులు తీయును. పల్లమున నున్నపుడు అంత వేగములోను రక్తము ప్రాణవాయువుతో నిండియే బయటికి వచ్చును. ఎత్తున నున్నపుడు నెట్టు ఒత్తిడి తక్కువ. పరుగులో నిండుటకు వ్యవధి చాలదు. కావుననే విశ్రాంతిలోకన్న శ్రమలో రక్తమునందలి ప్రాణవాయువు ఇంకను తగ్గిపోవును. సుమారు 1,500 మీటర్లు దాటిన పిమ్మట, ప్రతి వేయి మీటర్లకు శరీరము గ్రహింపగల గరిష్ఠ ప్రాణవాయువు నూటికి ఇంచుమించు పది వంతుల చొప్పున తగ్గును.

1968లో 2,240 మీటర్ల ఎత్తుననున్న మెక్సికో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలు దీనిని లోకమునకు చాటినవి. క్షణములలో ముగియు పరుగులకు అప్పటికప్పుడు పీల్చు ప్రాణవాయువుతో అంతగా పని లేదు. పైగా పలుచని గాలి అడ్డు తగ్గించును. కనుక వానిలో ప్రపంచ రికార్డులు బద్దలైనవి. 10,000 మీటర్ల పరుగు, మారథాను మాత్రము మందగించినవి. ఆ రెండింటను గెలిచినవారు కెన్యా, ఇథియోపియా దేశముల ఎత్తైన నేలలపై పెరిగినవారు.

శరీరము అలవాటు పడుట

ఎత్తునకు చేరగనే శ్వాస హెచ్చును. దానితో బొగ్గుపులుసు వాయువు అధికముగ వెడలిపోయి రక్తమున క్షారగుణము పెరుగును. ఈ క్షారగుణము శ్వాసకు పగ్గము వేయును. కొన్ని దినములలో మూత్రపిండములు క్షారమును బయటికి పంపి పగ్గమును సడలించును. అవియే ఎరిత్రోపోయిటిన్ అను పదార్థమును విడుదల చేసి, ఎర్రకణములను హెచ్చుగ తయారుచేయవలసినదిగ ఎముకల మజ్జను హెచ్చరించును. ఈ కబురు కొన్ని గంటలలోనే పోవును గాని, కణములు తగినంత పెరుగుటకు వారములు పట్టును.

బలవంతునికిని ముప్పే

కండబలము ఈ కాలమునకు బదులు కాజాలదు. 1962 ప్రాంతమున హిమాలయ సరిహద్దులకు త్వరితముగ తరలింపబడిన భారత సైనికులు ఆరోగ్యవంతులైన యువకులే. అయినను పలువురు జబ్బుపడిరి. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, అతని సహచరులు 1,925 మంది సైనికులలో కనిపించిన పర్వతవ్యాధిని గూర్చి 1969లో ప్రకటించిరి.

ప్రాణవాయువు తగ్గినపుడు ఊపిరితిత్తుల ధమనులు బిగుసుకొనును. అట్టి సమయమున శ్రమపడినచో వానిలోనికి రక్తము మరింత ఉరవడితో వచ్చును. ఒత్తిడి పెరిగి, నీరు గాలిగదులలోనికి ఊరును. ఇది ప్రాణాంతకము.

యాత్రికులు గమనింపవలసినవి

3,000 మీటర్లు దాటినపిమ్మట ఒక రాత్రి పడక కన్న మరునాటి పడక 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు దినముల కొకమారు ఒకచోటనే ఆగవలెను. గౌరీకుండము నుండి కేదారనాథమునకు ఒక్క దినమున నడచువారు సుమారు 1,600 మీటర్లు ఎక్కుచున్నారు. హెలికాప్టరులో పోవువారికి ఆ ఒక్క దినము వ్యవధియు లేదు. అట్టివారు ముందుగ నడిమి ఎత్తున ఒకటి రెండు రాత్రులు గడుపుట మేలు.

నడకలో వచ్చి, కూర్చున్నంతనే తగ్గు ఆయాసము సహజము. కూర్చున్నను తగ్గని ఆయాసము, నురుగుతో కూడిన దగ్గు, తూలు నడక, మతి తప్పిన మాటలు కనిపించినచో తెల్లవారువరకు ఆగరాదు. ప్రాణవాయువు దొరికిన ఇయ్యవలెను; రోగిని నడిపింపక, మోసికొనియైనను వెంటనే క్రిందికి దింపవలెను. దీనికి క్రిందనున్న చిక్కని గాలిని మించిన మందు లేదు.