సలామిస్ యుద్ధము - పారశీకుల శోకము

క్రీస్తుకు పూర్వము 480వ సంవత్సరమున సలామిస్ జలసంధిలో జరిగిన నౌకాయుద్ధము గ్రీకుల స్వాతంత్ర్యమును నిలిపినది. ఆ కథ చరిత్ర గ్రంథములలో చదివినదే. కాని ఆ యుద్ధమున పోరాడిన కవి యొకడు దానినే నాటకముగ రచించెననియు, అందు విజేతల జయధ్వానమునకు మారుగ పరాజితుల విలాపమును వినిపించెననియు ఎరిగినవారు తక్కువ. ఆతడే ఈస్కిలసు.

పారశీక చక్రవర్తి జెర్క్సీసు హెలెస్పాంటు జలసంధిపై పడవల వంతెన కట్టించి, అపారసేనతో గ్రీసుపై దండెత్తెను. థెర్మాపిలీ కనుమలో స్పార్టా రాజు లియోనిడాసు నేలకొరిగెను. ఏథెన్సు ప్రజలు ఇల్లు వాకిలి విడిచి ఓడలెక్కిరి. శత్రువులు నగరమును, దేవాలయములను దగ్ధము గావించిరి. ఇక ఏథెన్సుకు మిగిలిన కోట ఆ ఓడలే. కొన్ని యేండ్లకు పూర్వము లారియం గనులలో వెండి విశేషముగ లభించినపుడు, దానిని తలా కొంత పంచుకొనక నౌకలు నిర్మింపుడని ప్రజల నొప్పించినవాడు థెమిస్టొక్లీసు.

గ్రీకులు పారిపోనున్నారని ఆతడు జెర్క్సీసునకు రహస్యముగ కబురంపెను. చక్రవర్తి నమ్మెను. పారశీక నౌకలు ఇరుకు జలసంధిలో ప్రవేశించినవి. అచట సంఖ్యాబలమే శాపమైనది. ముందున్న ఓడలు మరలుటకు చోటులేక, వెనుకనున్నవి త్రోసికొనిరాగా, ఒకదానినొకటి ఢీకొని విరిగినవి. తీరమున సింహాసనముపై కూర్చుండి జెర్క్సీసు ఈ వినాశమును కన్నులార చూచెను.

ఎనిమిదేండ్ల పిమ్మట, 472లో, ఈస్కిలసు 'పారశీకులు' అను నాటకమును ఏథెన్సులో ప్రదర్శించెను. దానికి వ్యయము భరించినవాడు యువకుడైన పెరిక్లీసు. కథ జరుగునది శత్రురాజధాని సూసాలో. రాజమాత అటోస్సా కుమారుని క్షేమమునకై తపించుచుండును. దూత వచ్చి, కూలిన పారశీక వీరుల పేర్లు వరుసగ చెప్పును. గ్రీకు వీరుడొక్కని పేరైనను వినరాదు; థెమిస్టొక్లీసు పేరు సైతము లేదు. మృతుడైన డేరియసు ప్రేతరూపమున వచ్చి, కుమారుని గర్వమే ఈ కీడునకు మూలమని పలుకును. తుదకు జెర్క్సీసు చినిగిన వస్త్రములతో విలపించుచు ప్రవేశించును.

ఈ నాటకమును చూచినవారెవరు? సలామిస్‌లో తెడ్లు వేసినవారు, ఆప్తులను పోగొట్టుకొన్నవారు. అక్రొపొలిసు కొండమీది దేవాలయములు ఆనాటికింకను శిథిలములే. ఈస్కిలసు సోదరుడు 490లో మారథాన్ యుద్ధమున పారశీకుల చేతిలో మరణించెను. అట్టి కవి అట్టి ప్రేక్షకులకు శత్రుమాత దుఃఖమును చూపెను. ఇందు ఏథెన్సు ప్రశంస లేకపోలేదు. కాని తల్లి శోకమునకు శత్రుమిత్ర భేదము లేదు. ఆ యేటి పోటీలో ప్రథమ బహుమతి ఆతనికే దక్కెను.

బహుమతి నిచ్చిన నగరము ఆ హితవును నిలుపుకొన్నదా? 415లో ఏథెన్సు తానే మహానౌకాదళముతో సిసిలీపై దండెత్తెను. 413లో సిరాక్యూస్ రేవున, ఓడలు కదలుటకు చోటులేని ఇరుకు నీటిలోనే, ఆ దళము నాశనమైనది. డేరియసు ప్రేతము పలికిన మాట పారశీకులకొక్కరికే కాదని ఏథెన్సు ఆనాడు తెలిసికొన్నది.