తోట మనదే, పట్టా ఎవరిది?

ఈసారి పురుగుల జబ్బుల గురించి కాదు, ఇంటి కాగితాల గురించి చెప్తున్నాం.

మా నాయన పోయిన రోజు షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. చావింటికి వచ్చిన చుట్టాలే ఆకు కోసి వేశారు. గూళ్లు ఎట్లాగో అమ్ముకున్నాం. తర్వాత సబ్సిడీకి పోతే చిట్టా అడిగారు. చూస్తే పట్టా ఇంకా తాత పేరుమీదే ఉంది. వీలునామా లేదు. మన జోలార్పేట పక్క దాన్నే ఉయిలు అంటారు.

నాయన అన్నదమ్ములం మా పేర్లకు రాసి ఉంటే బాగుండేదని అనుకున్నాం. వకీలు ఒప్పుకోలేదు. ఎవరైనా తన వాటా మాత్రమే వీలునామాలో రాయగలరు. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డ వాటాను నాయన కూడా కొట్టెయ్యలేడు.

"పెళ్లికి నగలు పెట్టాం కదా, ఇంకేం వాటా?" అని మేమూ అన్నవాళ్లమే. అది తప్పు. ఆడపిల్లలకు సమాన వాటా అని తమిళనాడు 1989లోనే చట్టం తెచ్చింది, కాని అప్పటికే పెళ్లయినవాళ్లను వదిలేసింది. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఆ సవరణ వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపకాలు కదలవు.

నాయన సొంతంగా సంపాదించిన ఆస్తి సంగతి వేరు. దాన్ని ఇష్టమైనవాళ్లకు రాయొచ్చు. రాయకుండా పోతే హిందూ కుటుంబాల్లో భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమానం.

వీలునామా రాసేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

• స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు.
• ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రాసినవాళ్లు సంతకం చేసేది చూసి, వాళ్ల ఎదుటే సాక్షులూ సంతకం పెట్టాలి. ఆస్తి వచ్చేవాళ్లను సాక్షిగా పెట్టకండి, తర్వాత అనుమానాలు వస్తాయి.
• రిజిస్ట్రేషన్ మన ఇష్టం. చేస్తే గొడవ తగ్గుతుంది.
• బతికుండగా ఎన్నిసార్లైనా మార్చొచ్చు. చివరిదే చెల్లుతుంది.
• సర్వే నంబర్లతో పాటు షెడ్డు, బోరు, బాకీలు కూడా రాయండి.
• ప్రొబేట్ అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే తీర్పు. హిందూ కుటుంబాలకు మన ఊళ్ల పొలాలకు అది తప్పనిసరి కాదు. తగాదా వస్తేనే కోర్టు మెట్లు.
• గూళ్ల డబ్బు పడే బ్యాంకు ఖాతాకు నామినీని పెట్టండి. కాని నామినీ డబ్బు తీసుకునే మనిషే, సొంతదారు కాదు. వారసులకు లెక్క చెప్పాల్సిందే.

మేం తాసిల్దారు ఆఫీసులో వారసుల సర్టిఫికెట్ తీసుకుని, అక్కను కూర్చోబెట్టుకుని భాగపత్రం రిజిస్టర్ చేయించాం. అక్క తన వాటా తోటను మాకే కౌలుకిచ్చింది. ఇప్పుడు ప్రతి పంటకూ గూళ్ల రేటు ఎంత పలికిందని ముందుగా ఫోను చేసేది ఆమే.

ఈ పంట చంద్రికలెక్కేలోపు మీ చిట్టా తీసి ఎవరి పేరుందో ఒకసారి చూడండి.