సేద్యపు లెక్క ఎవరి చేతిలో ఉండాలి

వ్యవసాయాన్ని వ్యాపారంగా చూడాలన్న మాట విధాన పత్రాల్లోనూ రైతు సదస్సుల్లోనూ కొన్ని దశాబ్దాలుగా వినిపిస్తున్నది గాని, ఆ మాటకు రైతు బతుకులో ఉన్న అర్థమేమిటో, దాని పేరుతో ఇచ్చే శిక్షణ వల్ల అతనికి నిజంగా ఒరిగేదేమిటో నింపాదిగా పరిశీలించిన సందర్భాలు తక్కువ. నిర్వహణ శిక్షణ అంటే ఇక్కడ పెద్ద కంపెనీలను నడిపే విద్య కాదు. ఖర్చూ రాబడీ పద్దు రాయడం, చేతిలో ఉన్న భూమిని, నీటిని, డబ్బును ఏ పంటకు ఎంత కేటాయించాలో విత్తనం కొనకముందే నిర్ణయించుకోవడం, ఏ అప్పు ఎంతకు పడుతున్నదో పోల్చుకోవడం, సరుకును ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అమ్మాలో తేల్చుకోవడం అనే పనులను ఒక పద్ధతిగా నేర్పడం. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో చిన్న జిల్లాలుగా విడిపోయినా, ఈ శిక్షణ వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఆ పాత ఎల్లలే అనువైనవి. గోదావరికి దక్షిణాన శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరి, విత్తన వరి పండే నేల ఒకటి. ఉత్తరాన వాననే నమ్ముకున్న నల్లరేగడిలో పత్తి, సోయా, కంది పండే నేల మరొకటి. రెండింటా రైతు ఎదుర్కొనే నిర్ణయాలు వేరు, చేతికి వచ్చే మిగులు వేరు.

తాతల నాటి నుంచి సేద్యం చేస్తున్నవారికి కొత్తగా నేర్పేదేముందని అడిగేవారున్నారు. విత్తనం ఇంటి గాదె నుంచి, ఎరువు పెంట కుప్ప నుంచి, దుక్కి సొంత ఎడ్ల నుంచి వచ్చిన కాలంలో ఆ ప్రశ్నకు బలం ఉండేది. నేడు పత్తి రైతు విత్తన ప్యాకెట్లు కొంటాడు, యూరియా, డీఏపీ కొంటాడు, కలుపు మందు, పురుగు మందు కొంటాడు, ట్రాక్టరుకు కిరాయి కడతాడు, పత్తి ఏరడానికి కిలో లెక్కన కూలి ఇస్తాడు. మిరుగం వానకు విత్తిన గింజ ఆ తరువాతి ఎండకు మాడిపోతే మళ్లీ విత్తనం కొంటాడు. వీటిలో సగం అరువు మీద వచ్చేవే. సేద్యం నగదు వ్యవహారంగా మారినప్పటికీ దాని పద్దు మాత్రం చాలా ఇళ్లలో నోటి లెక్కగానే మిగిలిపోయింది. ఎరువుల దుకాణంలో మాత్రం ఆ పద్దు అక్షరాలా రాసి ఉంటుంది. లావాదేవీకి రెండు వైపులా ఉన్నవారిలో ఒకరికే లెక్క పుస్తకం ఉంటే బేరం ఎటు ఒరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

పద్దు రాయడం మొదలుపెట్టగానే రైతుకు ఎదురయ్యే మొదటి చిక్కు ఖర్చు అంటే ఏమిటన్నదే. మద్దతు ధరలను సిఫారసు చేసే వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్ దీనికి మూడు కొలతలు వాడుతుంది. విత్తనం, ఎరువు, కూలి వంటి వాటికి చేతి నుంచి వెళ్లిన ఖర్చుకు ‘ఎ2’ అని పేరు. దానికి ఇంటిల్లిపాదీ చేసిన చాకిరి విలువ కలిపితే ‘ఎ2+ఎఫ్‌ఎల్’. సొంత భూమికి వచ్చి ఉండగల కౌలు, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే ‘సి2’. కేంద్రం ప్రస్తుతం రెండో కొలత మీద కనీసం సగం అదనంగా ఉండేలా మద్దతు ధర ప్రకటిస్తుండగా, సగం అదనాన్ని మూడో కొలత మీద లెక్కించాలని రైతు సంఘాలు చాలాకాలంగా కోరుతున్నాయి. ఈ వాదన ఢిల్లీకే పరిమితమైనది కాదు. రెండెకరాల సొంత చెలక ఉన్న కుటుంబం తన చాకిరిని, భూమిని లెక్కలోకి తీసుకోకపోతే నష్టంలో ఉన్న పంట కూడా లాభంగా కనిపిస్తుంది. కౌలు ముందే చెల్లించిన రైతుకు అదే పంట నష్టమని తొలినాడే తెలుస్తుంది. ఒకే చేను గట్టుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరికి ఒకే పంట ఒకే సలహాగా చెల్లదని చూపేది ఈ లెక్కే.

అప్పు సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణ వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు సుమారు 1.52 లక్షల రూపాయలు. బ్యాంకు పంట రుణానికి ఏడాదికి 7 శాతం వడ్డీ పడుతుంది, గడువులోగా కట్టినవారికి అది 4 శాతానికి తగ్గుతుంది. ఊళ్లో నూటికి రెండు రూపాయలంటే అది నెల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేల రూపాయలను ఆరు నెలలు వాడుకుంటే బ్యాంకుకు 1,000 నుంచి 1,750 రూపాయలు, వడ్డీ వ్యాపారికి 6,000 రూపాయలు కట్టాలి. ఆ వడ్డీతో పాటు పంటను అప్పిచ్చినవారికే అమ్మాలన్న కట్టుబాటు ఉంటే, తక్కువ ధర రూపంలో పోయిన సొమ్మును కూడా అప్పు ఖర్చులోనే రాయాలి. ఈ చివరి పద్దును రాయడం నేర్పితే చాలు, శిక్షణకు పెట్టిన సమయం వృథా కాదు.

అమ్మకం దగ్గర లెక్క ఇంకా సూక్ష్మమవుతుంది. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, 8 శాతం తేమ ఉన్న పత్తికి ఈ ధర చెల్లించి, ఆపై ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం కోత పెడుతుంది, 12 శాతం దాటితే కొనదు. పన్నెండు శాతం తేమతో ఉన్న పది క్వింటాళ్లను అలాగే అమ్మితే సుమారు 77,850 రూపాయలు వస్తాయి; అదే పత్తిని 8 శాతం వరకు ఆరబెడితే బరువు దాదాపు తొమ్మిదిన్నర క్వింటాళ్లకు తగ్గి, పూర్తి ధర వచ్చినా చేతికి అందేది సుమారు 77,570 రూపాయలే. అంటే 12 నుంచి 8కి ఆరబెట్టడానికి పడిన శ్రమకు ప్రతిఫలం లేదు. పద్నాలుగు శాతం తేమ ఉన్న పత్తి సంగతి పూర్తిగా వేరు; దాన్ని సీసీఐ తిప్పి పంపుతుంది, ప్రైవేటు వ్యాపారి 7,000 ఇస్తాడనుకుంటే పది క్వింటాళ్లకు 70,000 వస్తాయి, 12 శాతానికి ఆరబెట్టి తెస్తే బరువు తగ్గినా 76,000 పైగా వస్తాయి. పత్తిని బాగా ఆరబెట్టుకొని రమ్మనే సలహా అందరూ ఇస్తారు. ఎంతవరకు ఆరబెడితే లాభమో, ఎక్కడ ఆపాలో చెప్పగలిగేది లెక్క మాత్రమే. ఇంత చిన్న గణితం ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు బండి కట్టే ప్రతి ఇంటికీ తెలిసి ఉండాల్సినది.

అయితే ఇక్కడే శిక్షణ హద్దు కూడా కనిపిస్తుంది. 2021-22లో పత్తి క్వింటాల్ ధర పది వేలు దాటింది. మరుసటి ఏడాది అదే ధర వస్తుందన్న ఆశతో ఉత్తర తెలంగాణలో ఎందరో రైతులు పత్తిని ఇళ్లలో నిల్వ చేసుకోగా ధర పడిపోయింది. సరుకును విడతలుగా అమ్మితే ఒక్క ధరకే కట్టుబడే ప్రమాదం తగ్గుతుందన్న సూత్రం శిక్షణలో నేర్పవచ్చు. కాని అప్పు గడువు మీద పడ్డ రైతుకు, పత్తి ఆరబోయడానికి చోటు లేని ఇంటికి, కౌలు కాగితం లేక బ్యాంకు గడప ఎక్కలేని కౌలుదారుకు ఆ సూత్రం తెలిసినా ఆచరించే వీలు ఉండదు. అంతర్జాతీయ విపణిలో దూది ధర ఎటు పోతుందో ఏ పాఠమూ అతని చేతికి ఇవ్వలేదు. శిక్షణ విలువ దాన్ని పొందినవారికి ఉన్న నిర్ణయాధికారాన్ని మించి పెరగదన్నది ఈ వ్యాసం ప్రధాన వాదం.

పాఠం ఎలా చెప్పాలన్నది మరో ప్రశ్న. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారుల మీద జరిపి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరికి పద్ధతి ప్రకారం అకౌంటింగ్ పాఠాలు, మరికొందరికి ఇంటి డబ్బును వ్యాపారపు డబ్బును వేరువేరుగా ఉంచడం వంటి సులువైన నియమాలు నేర్పగా, ఆచరణలో మార్పు రెండో వర్గంలోనే స్పష్టంగా కనిపించింది. పంట డబ్బు రాగానే పెళ్లి ఖర్చుకూ ఆసుపత్రి ఖర్చుకూ కలిసిపోయే తెలుగు పల్లె ఇళ్లకు ఈ ఫలితం ఎంతగానో వర్తిస్తుంది. బ్యాలెన్స్ షీట్ల మీద రెండు రోజుల ఉపన్యాసం వినిపించి, సంచీ, ధ్రువపత్రం ఇచ్చి పంపే శిక్షణలు ఎందుకు నిలవవో కూడా దీనివల్ల అర్థమవుతుంది.

ఇంతకూ వ్యవసాయ నిర్వహణ చదువు ఈ రాష్ట్రంలో ఎవరికి అందుతున్నది? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1987లో ఏర్పడిన జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, అంటే మేనేజ్, దేశానికే ఈ విద్యలో కేంద్రం. అది 2002 నుంచి అగ్రిక్లినిక్‌ల పథకం కింద వ్యవసాయ పట్టభద్రులను వ్యాపారానికి సిద్ధం చేస్తున్నది. 2003లో మొదలైన ‘దేశీ’ డిప్లొమా ద్వారా ఎరువులు, పురుగుమందులు అమ్మే డీలర్లకు ఏడాదిపాటు వారానికొక తరగతి చొప్పున చదువు చెప్పిస్తున్నది. రెండూ మంచి పనులే. కాని దుకాణదారుకు ఏడాది పాఠం చెప్పగలిగిన వ్యవస్థ, ఆ దుకాణానికి వచ్చే రైతుకు ఒక సీజను పాఠం కూడా క్రమంగా చెప్పలేకపోవడం తీవ్రంగా ఆలోచించవలసిన లోటు. జమ్మికుంటలో, ఆదిలాబాద్‌లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి, జగిత్యాల పొలాసలో ప్రాంతీయ పరిశోధనా స్థానం ఉంది. ఇలాంటి సంస్థలు ప్రధానంగా నేర్పుతూ వచ్చింది పంటను పండించే విద్యనే.

రైతులు నిర్వహణను నిజంగా నేర్చుకున్న చోటు కరీంనగర్ పాత జిల్లాలోనే, భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరులో ఉంది. ఇప్పుడది హనుమకొండ జిల్లా. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి చొరవతో 1956లో 14 గ్రామాలకు చెందిన 373 మంది సభ్యులతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం మొదలైంది. ఆ సంఘం అప్పు ఇచ్చే చోటే విత్తనమూ ఎరువూ అందించి, పండిన ధాన్యాన్ని, పత్తిని తానే కొని, సొంత రైసు మిల్లులో, జిన్నింగు మిల్లులో ఆడించి అమ్మి, మిగిలిన లాభాన్ని సభ్యులు సంఘంతో జరిపిన వ్యాపారం మేరకు బోనసుగా తిరిగి పంచుతుంది. వరి విత్తనాన్ని శుద్ధి చేసి అమ్మే పనిలోకీ దిగడం వల్ల మామూలు ధాన్యం ధరకు పైన దొరికే విలువలో సభ్యులకు వాటా దక్కింది. వేరుగా ఒక పాఠశాల పెట్టకుండానే ఈ ఏర్పాటు వేల మందికి నిర్వహణ నేర్పింది, ఎందుకంటే ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్క చదివి వినిపించినప్పుడు, మిల్లుకు యంత్రం కొనాలా, మిగులును బోనసుగా పంచాలా అన్న ప్రశ్నకు చేయెత్తి జవాబు చెప్పే రైతుకు లాభం, తరుగుదల, నిల్వ నిధి అనే మాటలు తన సొంత డబ్బుకు సంబంధించిన మాటలవుతాయి. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే పాలించుకునే సంఘాలకు చోటిచ్చిన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఈ స్వేచ్ఛకు రక్షణ కల్పించింది.

అదే ముల్కనూరులో 2000లో మహిళల సహకార డెయిరీ ప్రారంభమై, ‘స్వకృషి’ పేరుతో పాలు, పాల పదార్థాలు అమ్ముతున్నది. దాని వెనుక సహకార వికాస సంస్థ తోడ్పాటుతో ఆ ప్రాంతంలో పెరిగిన మహిళా పొదుపు సంఘాల అనుభవం ఉంది; నెలనెలా చిన్న మొత్తాలు దాచి, అప్పులిచ్చి, వసూలు చేసి, పుస్తకాలు రాయించుకున్న స్త్రీలు ఆ తరువాతే పెద్ద వ్యాపారానికి పూనుకున్నారు. చిన్న లెక్క మీద చేయి తిరిగాక పెద్ద లెక్క అప్పగించిన ఈ వరుస శిక్షణ రూపొందించేవారు ప్రత్యేకంగా గమనించదగినది.

ఆదిలాబాద్ వైపు ఇంత పాత సంస్థ లేదు గాని, 2004 నుంచి అక్కడి చిన్న రైతులతో, ముఖ్యంగా ఆదివాసులతో, చేతన ఆర్గానిక్ చేసిన పని ఉంది. సేంద్రియ పత్తికి ధ్రువీకరణ కావాలంటే ఏ చేనులో ఏ విత్తనం వేశారో, ఏ ఎరువు వాడారో, ఎంత పండిందో ప్రతి రైతూ డైరీలో నమోదు చేయాలి. ఆ పద్దును సంఘంలోని తోటివారే తనిఖీ చేస్తారు. పద్దు లేకపోతే ధర లేదన్న ఈ నియమం ఉపన్యాసాలు చేయలేని పని చేయగలిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాలలో 2003 తరువాత సాగిన రైతుల భూగర్భజల పథకంలోనూ ఇదే కనిపిస్తుంది. రైతులే వాన కొలిచి, బావుల్లో నీటి మట్టం కొలిచి, యాసంగికి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ నిర్బంధించకపోయినా చాలా ఊళ్లలో వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు.

2020లో కేంద్రం ప్రకటించిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం, ఎఫ్‌పీఓలుగా పిలిచే ఈ సంస్థలకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సాయం ఇస్తుంది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. కంపెనీగా నమోదైన సంస్థకు జీతానికి ఒక సీఈఓను పెట్టుకోవడం, కంపెనీ చట్టం ప్రకారం పత్రాలు దాఖలు చేయడం తప్పనిసరి. మూడేళ్ల సాయం ముగిసేలోగా డైరెక్టర్లుగా ఉన్న రైతులకు తమ సంస్థ పద్దును చదివి ప్రశ్నించే శక్తి రాకపోతే, ఆ సంస్థ కాగితం మీదే మిగులుతుంది. శిక్షణకు పెట్టగల ప్రభుత్వ సొమ్ము పరిమితమైతే, దానిలో మొదటి భాగం ఈ డైరెక్టర్లకు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడుపుతున్న మహిళా సంఘాలకు దక్కడం న్యాయం. తేమ మీటరు, గన్నీ సంచులు, కాంటా, తరుగు, చెల్లింపు అనే మొత్తం వ్యవహారాన్ని ఆ స్త్రీలు ఇప్పటికే మోస్తున్నారు.

లెక్క తెలియకపోవడం వల్లనే రైతు అప్పులపాలయ్యాడన్న వాదానికి ఈ శిక్షణ ఊతం కాకూడదు. వాన తప్పినా, నకిలీ విత్తనం మొలవకపోయినా, కొనుగోలు కేంద్రం ఆలస్యంగా తెరిచినా వచ్చే నష్టం రైతు నిర్వహణ లోపం కాదు. పద్దు పుస్తకం ఉన్న రైతు ఆ నష్టం ఎంతో, ఎవరి వల్లనో అంకెలతో నిలదీయగలడు, బీమా కోసమైనా పరిహారం కోసమైనా తన మాటకు ఆధారం చూపగలడు.

రాష్ట్రంలో ఐదు వేల ఎకరాలకొకటి చొప్పున కట్టిన 2,601 రైతు వేదికలు ఉన్నాయి, ప్రతి వేదికకూ ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఉన్నారు. కొత్త భవనం, కొత్త పథకం అక్కరలేకుండా, మిరుగానికి ముందు మొదలై పత్తి చివరి ఏరుడు దాకా పదిహేను రోజులకొక సాయంత్రం అక్కడ పద్దు తరగతి నడపవచ్చు. పట్టా ఉన్నవారితో పాటు కౌలుదారులను, పొలం పనిలో పెద్ద వాటా మోసే స్త్రీలను పేరు పెట్టి పిలవాలి. ముల్కనూరు సంఘంలో లెక్కలు చూసిన అనుభవజ్ఞులను బోధకులుగా తీసుకోవాలి. వ్యవసాయ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పనిని వచ్చే వానాకాలానికే ఉత్తర తెలంగాణలో ప్రారంభించాలి. అంతవరకు ఆగకుండా రైతు కుటుంబాలు ఒక నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో కౌలును, రెండో పేజీలో తమ ఇంటివారి కూలిని రాసుకోవాలి.