పెక్కు సర్వర్లు - పాస్‌వర్డుల భద్రత

ఒక్క సర్వరును పాలించువాడు దాని పాస్‌వర్డును జ్ఞప్తియం దుంచుకొనవచ్చును. సర్వర్లు ఐదారైనచో జ్ఞాపకశక్తి చాలదు. అప్పుడు అన్నిటికిని ఒకే పాస్‌వర్డు పెట్టుటయో, సాదా దస్త్రమున వ్రాసి దాచుటయో జరుగుచుండును. మొదటి పద్ధతిలో ఒక సర్వరు పరుల చేజిక్కినచో తక్కినవియు చిక్కును. రెండవ పద్ధతి తాళపుచెవిని గుమ్మమునకు వ్రేలాడదీయుట వంటిది. సర్వర్లకు సాధారణముగా చిత్రములు గల తెర యుండదు. ఆజ్ఞలను అక్షరములలో టైపు చేయవలసినదే. కావున కమాండ్ లైన్‌పై నడచు సాధనమే అచట అక్కరకు వచ్చును.

ఇట్టివానిలో 'పాస్' అనునది మిక్కిలి సరళమైనది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ దీనిని 2012లో వెలువరించెను. ఒక్కొక్క పాస్‌వర్డు ఒక్కొక్క దస్త్రముగా జీపీజీచే గుప్తీకరింపబడును. మార్పుల చరిత్రను గిట్ భద్రపరచును. రేపు 'పాస్' లేకుండ పోయినను జీపీజీతోనే ఆ దస్త్రములను తెరువవచ్చును. ఇది చిన్న గుణము కాదు. లోపమును కలదు: దస్త్రముల పేర్లు గుప్తములు గావు. ఏ యే యంత్రములలో ఖాతాలున్నవో దొంగకు పేర్లే చెప్పును.

అసలు చిక్కు తాళపుచెవిని ఎచట నుంచవలెనన్నదే. ప్రతి సర్వరుపైనను రహస్యకీ నుంచుట అనర్థదాయకము. అత్యంత బలహీనమైన సర్వరు భద్రతయే అన్నిటి భద్రత యగును. కీని పాలకుని స్వంత యంత్రముపైననే యుంచి, అవసరమైన పాస్‌వర్డును మాత్రమే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా పంపుట మేలు. గుప్తీకరించుటకు బహిరంగకీ చాలును గనుక, సర్వరు క్రొత్త పాస్‌వర్డును వ్రాయగలదు గాని పాతవానిని చదువజాలదు. సంచికొక కీ చొప్పున వేర్వేరు వ్యక్తులకు పంచి యిచ్చు సౌకర్యమును 'పాస్'లో కలదు. ఏటేట కార్యదర్శులు మారు సంఘములకు ఇది మిక్కిలి ఉపయోగకరము. అయితే వెడలిపోయిన వాని కీని తొలగించి దస్త్రములను మరల గుప్తీకరించినంత మాత్రమున పని ముగియదు; గిట్ చరిత్రలోని పాత ప్రతులను అతడింకను చదువగలడు. పాస్‌వర్డులనే మార్చవలెను.

కీపాస్ఎక్స్‌సీ సమస్తమును ఒకే దస్త్రమున నిమిడ్చి పేర్లను సైతము దాచును. కాని ఇరువురు ఒకే సమయమున మార్పులు చేసినచో గిట్ ఆ ప్రతులను కలుపజాలదు; కీపాస్ఎక్స్‌సీయొక్క స్వంత ఆజ్ఞతోనే కలుపుకొనవలెను. బిట్‌వార్డెన్ తన కేంద్ర సర్వరు ద్వారా ప్రతులను సరిచూచుకొనును, సులభమేగాని పరాధీనము. 2022లో లాస్ట్‌పాస్ సంస్థనుండి ఖాతాదారుల భాండాగారముల నకళ్లు అపహరింపబడినవి. పాస్‌వర్డులు గుప్తములుగనే యున్నను వెబ్‌సైట్ల చిరునామాలు గుప్తములు గావు. మూల పాస్‌వర్డు బలహీనమైనవారికి అపాయము మిగిలియే యున్నది.

పాస్‌వర్డులను మనుష్యులు గాక ప్రోగ్రాములు చదువవలసినచో హాషికార్ప్ వాల్ట్ వంటివి కలవు. 2023లో దాని లైసెన్సు మారగా ఓపెన్‌బావో అను శాఖ యేర్పడెను. ఐదారు సర్వర్లకు ఇవి పెనుభారము. అట్టివారికి 'పాస్' చాలును.

ఏ సాధనమును ఎంచుకొన్నను పాస్‌వర్డును ఆజ్ఞ పంక్తిలోనే టైపు చేయరాదు. అది షెల్ చరిత్రలో నిలుచును, నడచు ప్రోగ్రాముల పట్టికలో ఇతరులకు గనబడవచ్చును. 'పాస్' పాస్‌వర్డును క్లిప్‌బోర్డుకు ఎక్కించి 45 సెకండ్లలో తుడిచివేయును గాని, తెర లేని సర్వరుపై ఆ వసతి పనిచేయదు. రహస్యకీ పోయినచో దస్త్రములను ఎవ్వరును తెరువలేరు. కీ నకలును కాగితముపై గాని వేరొక డిస్కుపై గాని భద్రపరచి, దానితో మరియొక యంత్రముపై ఒక దస్త్రమును తెరచి చూచిన పిమ్మటనే సర్వర్ల పాత పాస్‌వర్డులను మార్చుటకు పూనుకొనవలెను.