‘గవర్న్’ అను క్రియ – దాని పుట్టుక

ఇంగ్లీషునందు ‘గవర్న్’ అను క్రియకు పరిపాలించుట యని యర్థము. గవర్నరు, గవర్నమెంటు అను మాటలు దీని కుటుంబములోనివే. ఇవి చిరకాలముగా తెలుగువారి నోటను నాడుచున్నవి. అయినను ఈ క్రియ మొదట సింహాసనమునకు గాక సముద్రమునకు సంబంధించినదని యెరిగినవారు కొందరే.

ప్రాచీన గ్రీకుభాషలో ‘కుబెర్నాన్’ అనగా ఓడను నడపుట. ‘కుబెర్నేతేస్’ అనగా చుక్కాని పట్టువాడు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో పౌలు ఎక్కిన యోడను నడపినవానికి గ్రీకుమూలమున నీ పేరే యున్నది. రోమీయులు ఆ మాటను గ్రహించి లాటినులో ‘గుబెర్నారే’ యనిరి. అది ప్రాచీన ఫ్రెంచిలో ‘గొవెర్నెర్’ అయి, సుమారు 1300 ప్రాంతమున ఇంగ్లీషులో ప్రవేశించెను.

రాజ్యమును ఓడతో పోల్చుట గ్రీకులకు వాడుకయే. ప్లేటో తన ‘రిపబ్లిక్’ 6వ భాగమున నొక యోడను వర్ణించెను. అందలి నావికులందరు చుక్కాని తమకే కావలెనని కలహింతురు; ఓడ నడపు విద్య నేర్చినవాడు వారిలో నొక్కడును లేడు. నక్షత్రములను, గాలులను, ఋతువులను కనిపెట్టువానినో పనికిమాలినవాడని పరిహసింతురు.

‘రూల్’ అను మరియొక క్రియయు పాలించుట యను నర్థమే యిచ్చును. దాని మూలము లాటినులోని ‘రేగుల’, అనగా తిన్నని కర్ర. విద్యార్థుల చేతనుండు రూళ్ళకర్రయు నా వంశములోనిదే. అయితే భేద మొకటి గలదు. గీత యొకసారి గీచిన చాలును. చుక్కాని యట్లు గాదు. గాలి మారినప్పుడెల్ల దానిని సవరించుచుండవలెను.

యంత్రములయందును ఈ సవరించు పనికే ‘గవర్నరు’ అను పేరు చెల్లినది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు రెండు గుండ్లుగల యట్టి సాధనము నమర్చెను. వేగము హెచ్చినచో గుండ్లు పైకి లేచి ఆవిరి రాకను తగ్గించును. వేగము తగ్గినచో క్రిందికి దిగి హెచ్చించును. 1948లో నార్బర్ట్ వీనర్ ఇట్టి స్వయంసవరణమును గూర్చిన శాస్త్రమునకు ‘సైబర్నెటిక్స్’ అని ఆ గ్రీకుమాటనుండియే పేరు పెట్టెను.

మనకును ‘కర్ణధారుడు’ అను మాట గలదు. మొదట చుక్కాని పట్టువానికి చెల్లిన యా పేరు పిదప నాయకునకును వచ్చినది. చుక్కాని పట్టువాడు ఒడ్డున నిలిచి ఆజ్ఞలిచ్చువాడు కాడు. తానును ఓడలోనే యుండును. ఓడ మునిగినచో తానును మునుగును. తరగతినాయకుడు మొదలుకొని దేశాధికారి వరకు పాలించువారెల్లరు ఈ మూలార్థమును మరువరాదు.

విద్యార్థులారా, కోపమును అణచుకొనుటకును ఇంగ్లీషులో ఈ క్రియనే వాడుదురు. ప్రతివానికిని ఒక చిన్న చుక్కాని చేత నున్నది; ముందుగా దానిని నేర్పుతో పట్టుడు.